ప్లైవుడ్ షాపు కటింగ్ ప్లాన్ సర్వీసు: 14 షీట్లు అనుకున్న పని 12తో అయ్యింది

మా ఇంటి చెక్కపని అయిపోయి పది రోజులైందండి. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, ఎందుకంటే పని మొదలెట్టకముందు ఈ కటింగ్ సర్వీసుల గురించి తెలుగులో ఎవరైనా రాసేరేమోనని తెగ వెతికేను, ఒక్కటీ దొరకలేదు. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు, నేను ఇక్కడే జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను, అత్తయ్య గారూ మావయ్య గారూ నాతోనే ఉంటారు, కాబట్టి ఇల్లు కట్టించే పని మొత్తం, సిమెంటు నుంచి స్క్రూల దాకా, నా నెత్తిమీదే పడింది. అలా పడబట్టే ఈ సంగతులన్నీ దగ్గరుండి చూసేను.

షాపు రావులపాలెం వైపు ఉంది. పేరు మాత్రం రాయడం లేదండి, బాగున్నవే కాదు ఒకటి రెండు లోటుపాట్లు కూడా చెప్పాలి, అవి చెప్పి పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. ప్లైవుడ్, మైకా, హార్డ్‌వేర్ అమ్మే మామూలు షాపే, వెనకాల పెద్ద షెడ్డులో పానెల్ సా, అంటే షీట్లు తిన్నగా కోసే పెద్ద రంపం మిషన్, పెట్టుకున్నారు. వాళ్ళ సర్వీసు ఏంటంటే, మనం కావాల్సిన ముక్కల లిస్టు ఇస్తే కంప్యూటర్లో ఎక్కించి, ఏ షీటులో ఏ ముక్క ఎక్కడ కొయ్యాలో బొమ్మ గీసి పిడిఎఫ్ వాట్సాప్‌లో పంపిస్తారు, మనం చూసి సరే అన్నాకే కోస్తారు, కోసిన ప్రతి ముక్కకీ స్టిక్కర్ అంటించి ఇస్తారు. షీట్లు వాళ్ళ దగ్గర కొంటే ప్లాన్‌కి డబ్బుల్లేవు, కోతకి షీటుకి 180 తీసుకున్నారు. షీట్లు బయట కొని తెస్తే కోతకి 250 అని బోర్డు మీదే రాసి ఉంది.

మా ఊళ్ళో ఇప్పటిదాకా పని ఎలా జరుగుతుందో చెప్తే దీని విలువ తెలుస్తుంది. ఆచారి గారు వచ్చి గదులు చూసుకుని, నోటి లెక్కన ఇన్ని షీట్లు అంటారు, మనం తెప్పిస్తాం. ఆయన ముందు ఒక గది బీరువా మొదలెడతారు, దానికి కావాల్సిన ముక్కలు కోసుకుంటారు, మిగిలినవి గోడకి ఆనించి పెడతారు, తర్వాత రెండో గది, తర్వాత వంటిల్లు. వంటింటికి వచ్చేసరికి గోడకి ఆనించినవి ఏవీ సరిపోవు, ఒకటి రెండంగుళాలు తక్కువ, ఒకటి వెడల్పు చాలదు, అందుకని మళ్ళీ కొత్త షీటు. తణుకులో మా ఆడపడుచు ఇంటికి వెళ్తే మెట్ల కింద ఇప్పటికీ ఆ ముక్కలు ఉన్నాయండి, రెండేళ్ళయ్యింది, పారెయ్యడానికి చేతులు రావు, పనికీ రావు. ఆవిడ వాటిని నీళ్ళ పొయ్యిలో పెడదామంటే నేనే వద్దన్నాను, ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, ఆ పొగ పీల్చకూడదు.

మా పని రెండు బీరువాలు, వంటింట్లో కింద అరలు పైన అరలు. మా ఆచారి గారు నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, మావయ్య గారి పెళ్ళికి మంచం చేసింది వాళ్ళ నాన్నగారే. ఆయన 14 షీట్లు అన్నారు, గదికి నాలుగేసి ఎనిమిది, వంటింటికి ఐదు, చేతిలో ఒకటి ఉండాలమ్మా అని ఇంకోటి. మేం తీసుకున్నది 18 ఎమ్మెమ్ ఐ.ఎస్. 710 రకం, అంటే చెమ్మకి తట్టుకునే మెరైన్ ప్లై, కాలవ గట్టు ఊళ్ళో వానాకాలం గోడలు చెమ్మ పట్టేస్తాయి కదా, అందుకని ఐ.ఎస్. 303 మామూలు రకం వద్దనుకున్నాం. షీటు 3,600 పడింది. ఆ ధరలో రెండు షీట్లు తేడా అంటే చిన్న విషయం కాదు.

లిస్టు ఇవ్వడానికి నేనొక్కదాన్నే వెళ్ళలేదు, ఆచారి గారిని బండి మీద ఎక్కించుకుని కొత్తపేట మీదుగా తీసుకెళ్ళేను. ఇది చాలా ముఖ్యం, మీరెవరైనా వెళ్తే మీ ఆచారి గారు లేకుండా వెళ్ళకండి. ఆయనకి మొదట మనసులో కష్టంగానే ఉంది, మిషన్ కోసేస్తే ఇంక నా పనేంటి అన్నట్టు కూర్చున్నారు. కూలి చదరపడుగు లెక్క కాబట్టి ఆయనకి రావాల్సిన దాంట్లో రూపాయి తగ్గదని, కోత మాత్రమే అక్కడ, బిగింపు అంతా మీదేనని ముందే మాట్లాడేసుకున్నాం. అక్కడికి వెళ్ళేక కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి "బాబాయ్ గారూ, మీరు కొలతలు చెప్పండి, నేను ఎక్కిస్తాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది.

ఇప్పుడు నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, దాని సంగతి చెప్పాలి, నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే. ఆచారి గారు బీరువా లోతు రెండడుగులు అన్నారు. షీటు 8 బై 4, అంటే నాలుగడుగుల వెడల్పులో రెండడుగులవి రెండు వస్తాయి, ఎవరైనా అదే అనుకుంటారు, లెక్కలు చెప్పే నేనూ అదే అనుకున్నాను. కుర్రాడు "రావండీ, బ్లేడు తింటుంది కదా" అన్నాడు. షీటు వెడల్పు 1220 ఎమ్మెమ్. రెండడుగులంటే 609.6, రెండు కలిపితే 1219.2, మిగిలేది ఎమ్మెమ్ కూడా లేదు. వాళ్ళ బ్లేడు మందం 3.2 ఎమ్మెమ్, అది పోయిన దారంతా పొట్టు అయిపోతుంది. ఆచారి గారు వెంటనే "ఒక నూలు" అన్నారు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు కదా, 25.4ని ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా 3.2 దగ్గరే వస్తుంది! ఆయన చిన్నప్పటినుంచీ రంపానికి ఒక నూలు వదలాలి అంటూనే ఉన్నారంట, కాకపోతే గదిగదికీ కోసుకునేటప్పుడు రెండో ముక్క కొంచెం తక్కువొస్తే లోపలి అరగా వాడేసేవారంట. ఇక్కడ ముందే తెలిసింది కాబట్టి లోతు 600కి దించేసేం. 600, 600, మధ్యలో బ్లేడు, మొత్తం 1203 చిల్లర. ఇంకా 17 ఎమ్మెమ్ దాకా మిగులుతుంది, షీటు అంచులు లారీలో దెబ్బ తిని ఉంటాయి కదా, అటూ ఇటూ కాస్త కోసి సరిచేసుకోవడానికి అది సరిపోయింది. మూడు నూళ్ళు, అంతే, తొమ్మిదిన్నర ఎమ్మెమ్ లోతు తగ్గించుకుంటే షీటు మొత్తం కలిసొచ్చింది. హ్యాంగరుకి చీరలు పెట్టుకోడానికి ఆ తొమ్మిదిన్నర ఎమ్మెమ్‌తో పని లేదు.

తర్వాత అన్ని గదుల ముక్కలూ ఒకే లిస్టులో పెట్టించేం. దీనివల్లే అసలు మిగులు వచ్చిందండి, బీరువా ఒక్కటే విడిగా ఇస్తే ఏ కంప్యూటరూ ఏమీ చెయ్యలేదు. లెక్క చూడండి. ఒక బీరువాకి పక్క చెక్కలు రెండు, 2100 బై 600. అవి ఒక షీటులో పక్కపక్కనే పడతాయి, షీటు పొడుగు 2440 కాబట్టి చివర 337 వెడల్పున ఒక పట్టీ మిగులుతుంది. తలుపులు రెండు, 2090 బై 595, అవి ఇంకో షీటు, అక్కడా 347 వెడల్పు పట్టీ మిగులుతుంది. రెండు బీరువాలకి ఇలాంటి పట్టీలు నాలుగు. పాత పద్ధతిలో ఇవే మెట్ల కిందకి పోయేవి, ఎందుకంటే బీరువాలో అడుగు వెడల్పు ముక్కతో పనేమీ ఉండదు. కానీ వంటింట్లో పైన అరల లోతు 300! ఎత్తు 600. ఒక్కో పట్టీ పొడుగు 1220, అందులో 600వి రెండు. నాలుగు పట్టీలకి ఎనిమిది పక్క చెక్కలు, అంటే నాలుగు పై అరలకి పక్కలన్నీ బీరువాల మిగులులోంచే వచ్చేసేయి. ఆ బొమ్మ స్క్రీన్ మీద చూసినప్పుడు ఆచారి గారు లేచి నిలబడి వేలు పెట్టి చూపించేరు, ఇదిగో ఇది వంటింటిది, ఇది వంటింటిది అని.

లోపలి అరలు 573 బై 560. ఒక షీటులో పొడుగునా నాలుగు, రెండు వరసలు, ఎనిమిది పడతాయి. ఒక్కో బీరువాకి ఆరు కావాలి. విడివిడిగా కోస్తే రెండు షీట్లు, రెండింటిలోనూ రెండేసి ముక్కల చోటు ఖాళీ. కలిపి కోస్తే పన్నెండు, షీటున్నర, రెండో షీటులో సగం నిండుగా ఒకేచోట మిగిలింది, అది వంటింటి కింద అరలకి వెళ్ళింది. మిగులు రెండు చోట్ల చిన్నచిన్నగా ఉండటం వేరు, ఒకేచోట పెద్దగా ఉండటం వేరు, ఇది గుర్తుపెట్టుకోండి. ఆ సగం షీటూ ఈ నాలుగు పట్టీలూ కలిపి వంటింటికి దాదాపు ఒక షీటు తగ్గింది, ఐదు కాస్తా నాలుగయ్యింది. మొత్తం 12. ఆచారి గారు అన్న 14లో ఒకటి చేతిలో ఉంచుకోడానికి అన్నది కదా, కాబట్టి ప్లాన్ వల్ల నిజంగా మిగిలింది ఒక షీటు, ఇంకోటి కొలతలన్నీ ముందే తేలిపోవడం వల్ల భయం లేకుండా మానేసింది. ఉన్నదున్నట్టు చెప్తున్నాను, షాపువాళ్ళు రెండూ ప్లాన్ వల్లే అంటారు.

ఇక్కడ ఒక్కమాట, లెక్కల మనిషిని కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఈ ముక్కలు సర్దే లెక్క చాలా పెద్ద లెక్కండి. 1938లో రష్యాలో లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్ అనే ఆయన దగ్గరికి ప్లైవుడ్ ట్రస్టు లాబొరేటరీ వాళ్ళు వచ్చేరు, మా మిషన్లకి ఏ కలప ఎంతెంత పంచితే ఎక్కువ సరుకు వస్తుందని. ఆ ప్రశ్నలోంచే ఆయన 1939లో లీనియర్ ప్రోగ్రామింగ్ పద్ధతి రాసేరు, అందులో తక్కువ వేస్టేజితో కొయ్యడం ఎలా అన్న లెక్క కూడా ఉంది, 1975లో ఆయనకి ఎకనామిక్స్‌లో నోబెల్ కూడా వచ్చింది. తర్వాత 1961లో గిల్‌మోర్, గొమోరీ అని ఇద్దరు ఈ కోత లెక్కని కంప్యూటర్ మీద చెయ్యడానికి మంచి దారి చూపించేరు. నేను డిగ్రీలో ఆ గ్రాఫులు గీసి మార్కులు తెచ్చుకున్నాను గానీ అది ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పుట్టిందని అప్పుడెవరూ చెప్పలేదు. ఆ షెడ్డులో రంపం పొట్టు వాసన మధ్యలో నిలబడి అదే లెక్క మా బీరువాకి పనిచెయ్యడం చూస్తే నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. కాలేజీ తెరిచేక పిల్లలకి ఇదే చెప్తాను.

ఫోన్లో ఫ్రీగా దొరికే ఆప్‌లతో మనమే చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. చేసుకోవచ్చు. నేను వెళ్ళకముందు ఒకటి వేసుకుని ఒక ఆదివారమంతా కూర్చున్నాను. ముక్కల కొలతలు, బ్లేడు మందం, ఏ ముక్క తిప్పకూడదో అన్నీ అడిగింది, షీటు ఎంత శాతం వాడేమో చూపించింది. షాపు వాళ్ళ ప్లాన్ కన్నా దాంట్లో శాతం కొంచెం ఎక్కువే వచ్చింది. ఆ బొమ్మ కుర్రాడికి చూపిస్తే, "మేడమ్, ఇది మిషన్ మీద కొయ్యలేమండి" అన్నాడు. ఎందుకంటే పానెల్ సా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా పోతుంది, మధ్యలో ఆగి పక్కకి తిరగదు. నా ప్లాన్‌లో నాలుగు ముక్కలు గాలిమర రెక్కల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, ఏ కోత వేసినా పక్క ముక్క తెగిపోతుంది. చేతి మిషన్‌తో ఆచారి గారు కొయ్యగలరు గానీ అంత నున్నగా రాదు. మీరు ఆప్ వాడితే, అంచు నుంచి అంచుకి కోతలే కావాలి అనే సెట్టింగ్ ఉందేమో చూసుకోండి, ఉంటే అదే పెట్టుకోండి, శాతం కొంచెం తగ్గినా ఫర్వాలేదు. ఇంకా షాపుకి వెళ్ళేముందు ఆప్‌లో ఒకసారి చేసుకుని వెళ్తే మన లిస్టులో తప్పులు మనకే దొరుకుతాయి, నాకు ఒక అర రెండుసార్లు రాసినట్టు అక్కడే తెలిసింది.

లిస్టులో కొలతలు ఇచ్చేటప్పుడు ఆచారి గారు పట్టుకున్న తప్పులు చెప్తాను, ఇవి కంప్యూటర్ పట్టుకోదు. తలుపుకి బయట ఒక ఎమ్మెమ్ మైకా, లోపల ఇంకోటి, 18 కాస్తా 20 అవుతుంది. అంచులకి పివిసి పట్టీ రెండు ఎమ్మెమ్‌ది వేస్తాం కాబట్టి తలుపు కొలత అటూ ఇటూ రెండేసి తగ్గించి కొయ్యాలి. లోపలి అర లోతు బీరువా లోతంత ఉండకూడదు, వెనక ప్లై, ముందు తలుపు ఆగడానికి చోటు వదలాలి, అందుకే 600 కాకుండా 560. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, రెండు తలుపుల మధ్య సందు వదలకపోతే శ్రావణమాసంలో బీరువా తెరుచుకోదు. ఇవన్నీ ఆయన వరసగా చెప్తుంటే కుర్రాడు అన్నీ సరిచేసుకున్నాడు, పాపం ఒక్కసారి కూడా విసుక్కోలేదు, గంటన్నర పట్టింది.

కోత రోజు బాగా జరిగింది. మిషన్‌లో పెద్ద బ్లేడుకి ముందు కింద చిన్న బ్లేడు ఇంకోటి ఉంటుంది, అది ముందుగా కిందవైపు సన్నగా గీత కోసేస్తుంది, అప్పుడు పెద్ద బ్లేడు పోయినా అంచు పెచ్చు లేవదు. చేతి మిషన్‌తో కోసినప్పుడు లేచే ఆ పెచ్చుల వల్ల అరంగుళం అదనంగా వదిలి తర్వాత చిత్రిక పట్టాల్సి వస్తుంది, అది కూడా వేస్టేజే కదండీ, ఎవరూ లెక్కలో వెయ్యరు గానీ. ఆచారి గారు ప్రతి షీటులో మొదటి ముక్కకి మూలమట్టం పెట్టి చూసేరు, ఒక్కటీ తేడా రాలేదు. పన్నెండు షీట్లు మధ్యాన్నం భోజనాల వేళకి అయిపోయేయి, ఇంట్లో అయితే ఆయనకీ అసిస్టెంటుకీ నాలుగు రోజుల పని.

టేకు సంగతి కూడా రాయాలి, అది ఈ షాపు కాదు, కలప అమ్మే అడితీ, కానీ ప్లాన్ వేసుకునే బుద్ధి ఇక్కడే వచ్చింది. లోపలి గుమ్మాలు నాలుగు. అత్తయ్య గారు అన్ని గదులకీ గడప ఉండాల్సిందే అన్నారు. 5 బై 3 అంగుళాల సైజు, ఒక్కో గుమ్మానికి నిలువులు రెండు ఏడేసి అడుగులు, పైనా కిందా మూడున్నర అడుగులవి రెండు. అడితీలో 8 అడుగులు, 11 అడుగులు, 12 అడుగుల చెక్కలు ఉన్నాయి. అడితీ ఆయన 8 అడుగులవి పన్నెండు తీసుకోమన్నారు, నిలువులకి ఎనిమిది, అడ్డాలకి నాలుగు. ప్రతి చెక్కలోనూ ఒక అడుగు ముక్క మిగిలిపోతుంది, పన్నెండు అడుగు ముక్కలతో ఏం చేసుకుంటాం, పీటలు కూడా రావు. నేను అక్కడే బిల్లు కాగితం వెనక లెక్క వేసేను, ఏడూ మూడున్నరా పదిన్నర, 11 అడుగుల చెక్కలో ఒక నిలువు ఒక అడ్డం, మిగిలిన ఆరంగుళాలు బ్లేడుకీ, చివర్లలో బీటలు ఉంటాయి కదా అవి కోసెయ్యడానికీ. ఎనిమిది చెక్కలతో అయిపోతుంది. వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడుగు అడుగులు గుణించి 144తో భాగిస్తే సి.ఎఫ్.టి., అంటే ఘనపుటడుగుల లెక్క, వస్తుంది. పన్నెండు ఎనిమిదులు 96 అడుగులు, సరిగ్గా 10 సి.ఎఫ్.టి. ఎనిమిది పదకొండులు 88 అడుగులు, 9.17. సి.ఎఫ్.టి. 4,200 చెప్పేరు, తేడా 3,500. అడితీ ఆయన కూడా కాదనలేదు, మంచి మనిషి, చేవ ఉన్నవి, తెల్లకర్ర లేనివి ఏరి ఇచ్చేరు.

సింహద్వారానికీ పూజగదికీ మాత్రం కొత్త టేకు కొనలేదు. మావయ్య గారి నాన్నగారి మండువా లోగిలి విప్పేసినప్పుడు మూడు టేకు దూలాలు దాచేరు. 1986 గోదావరి వరదలో నడుము దాకా నీళ్ళలో నిలబడిన ఇల్లది, 1996 తుఫానులో పెంకులన్నీ లేచిపోయినా దూలాలు కదల్లేదంట. అవి కోత మిల్లుకి తీసుకెళ్తే మేకులు తీస్తేగానీ ముట్టుకోమన్నారు, ఒక్క మేకు తగిలితే బ్లేడు పళ్ళు పోతాయి. మావయ్య గారు అరుగు మీద కూర్చుని అయస్కాంతం తాడుకి కట్టి దూలం పొడుగునా జరుపుతూ, అది అంటుకున్న చోటల్లా సుద్దతో గుర్తు పెట్టేరు, రెండు రోజులు పట్టింది. పాత కలపకి ప్లాన్ వేరేగా ఉంటుందండి, పొడుగు ఎంత అని కాదు, ఎక్కడ బెజ్జాలు ఉన్నాయి, ఎక్కడ నీళ్ళు దిగి మెత్తబడింది, అవి తప్పించి మధ్యలో ఎంత మంచి పొడుగు దొరుకుతుంది అని చూసుకోవాలి. 8 బై 6 దూలం, ఆరంగుళాల్ని రెండు మూడులు అనుకుంటాం, కోతకి పోయి, రెండువైపులా చిత్రిక పట్టేక రెండున్నర తేలింది. ఆచారి గారు ఆ మందానికే గుమ్మం సర్దేరు. చిత్రిక పట్టినప్పుడు లోపలి చేవ రంగు బయటపడితే మావయ్య గారు చెయ్యి వేసి అలా నిమురుతూ ఉండిపోయేరు.

ఇప్పుడు షాపులో లోటుపాట్లు. మైకా షీట్లు కూడా అదే ప్లాన్‌లో పెట్టించేం, మాది చెక్క గీతల డిజైను. ప్లైవుడ్‌కి ముక్క తిప్పినా పైన మైకా వస్తుంది కాబట్టి ఫర్వాలేదు, మైకాకి గీత దిశ తప్పకూడదు. వంటింటి సొరుగుల ముఖాలు నాలుగింటికి ఆ టిక్కు పెట్టడం మర్చిపోయేరు, రెండు అడ్డంగా రెండు నిలువుగా వచ్చేసేయి. పిడిఎఫ్‌లో నేనూ చూసుకోలేదు, కానీ అది పెట్టాల్సింది వాళ్ళే. గొడవేమీ పెట్టకుండా మైకా సగం ధరకి మళ్ళీ ఇచ్చి కోత ఉచితంగా చేసేరు. పూర్తిగా వాళ్ళే భరించి ఉండాల్సిందని నా అభిప్రాయం. రెండోది స్టిక్కర్లు. వచ్చేదారిలో చినుకులు పడ్డాయి, వ్యాన్ మీద పట్టా కప్పినా తేమకి ఊడిపోయేయి, ఇంటికొచ్చేసరికి పదిహేను ముక్కలకి పేర్లు లేవు, పిడిఎఫ్ ముందు పెట్టుకుని టేపుతో కొలిచి మళ్ళీ పేర్లు రాసుకునేసరికి సాయంత్రం అయ్యింది. ముక్క మీదే పెన్సిల్‌తో కూడా నంబరు రాయమని ముందే అడగండి, అడిగితే రాస్తారు. మూడోది మిగిలిన ముక్కలు. అడక్కపోతే అక్కడే ఉంచేసుకుంటారు, అవి మన డబ్బులు పెట్టి కొన్నవి. నేను అడిగి తెచ్చుకున్నాను, అన్నీ కలిపి ఒక ఎరువుల బస్తాలో పట్టేసేయి, వాటిలో పెద్దవాటితో ఆచారి గారు అత్తయ్య గారికి పూజసామాను పెట్టుకునే చిన్న పెట్టె చేసిచ్చేరు.

డబ్బుల లెక్క, ప్లైవుడ్‌లో మిగిలింది 7,200, కోతకి ఇచ్చింది 2,160, వ్యాన్‌కి 1,400, మైకాకి మళ్ళీ పెట్టింది 800. షీట్లు ఎక్కడ కొన్నా వ్యాన్ ఖర్చు ఎలాగూ ఉండేదే. చిన్న పని, ఒక్క బీరువా అయితే అంతదూరం వెళ్ళడం వృథా, కలిపి సర్దడానికి వేరే ముక్కలుండవు కాబట్టి మిగులు రాదు. రెండు గదులూ వంటిల్లూ కలిపి చేయించేవాళ్ళు మాత్రం తప్పకుండా చేయించుకోండి, ఇక్కడ కాకపోతే మీ దగ్గర్లో పానెల్ సా ఉన్న ఏ షాపులోనైనా సరే, షీట్లు కొనకముందు, మీ ఆచారి గారిని పక్కన కూర్చోబెట్టుకుని.

5కి 4 ఇస్తున్నాను, ఒకటి మైకాకి తగ్గించేను. ఆదివారం సెలవు, కరెంటు పోతే జనరేటర్ మీద కొయ్యరు, కాబట్టి బయలుదేరేముందు ఫోన్ చేసుకోవాలి. సంక్రాంతి వెళ్ళేక పాలకొల్లులో మా చెల్లి వాళ్ళ ఇంటి పని ఉంది. ఆచారి గారు నిన్ననే ఫోన్ చేసి, "అమ్మా, వాళ్ళ గదుల కొలతలన్నీ ఒకే కాగితం మీద రాయించి పంపించమనండి, వంటిల్లుతో సహా, ఆయ్" అన్నారు.